కిరీటం లేని సీజర్

పోయిన శనివారం పాతకాలం సంగీతకర్త హాండెల్ రాసిన 'జూలియో చేజరే' విన్నాను, జూలియస్ సీజర్ ఈజిప్టు వెళ్లిన కథ, ఇక్కడ లండన్లోనే ఒక కచేరీ హాల్లో. చూశాను అనట్లేదు, విన్నాను అనే అంటున్నా, ఎందుకంటే ఇది ఒపేరాయే, అంటే పాటలతో నడిచే నాటకమే గానీ, కాన్సర్ట్ లాగా చేశారు, సెట్టింగుల్లేవు, కత్తుల్లేవు, వేషాల్లేవు, స్టేజీ నిండా ఆర్కెస్ట్రా కూర్చుంటే పాడేవాళ్లు మామూలు నల్లబట్టల్లో ముందుకొచ్చి నిలబడి పాడి, తమ వంతు అవగానే పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. పాడేది ఇటాలియన్, అర్థం పైన స్క్రీన్ మీద ఇంగ్లీషులో వస్తుంది. ఇంటర్వెల్స్‌తో కలిపి దగ్గరదగ్గర నాలుగు గంటలు.

వెళ్లేముందు నాన్నకి ఫోన్లో చెప్తే "కిరీటం కూడా లేకుండా రాజేంట్రా వాడు" అన్నాడు. నాన్న తెనాలి పక్క ఊళ్లో తెల్లవార్లూ పద్యనాటకాలు చూస్తూ పెరిగిన మనిషి, ఆయనకి రాజంటే ముందు ఆహార్యం, తర్వాతే రాగం. నాక్కూడా లోపల అదే అనుమానం ఉంది, నిజం చెప్పాలంటే మొదటి పావుగంటలోనే పోయింది.

కథ క్రీ.పూ. 48లో మొదలవుతుంది. సీజర్ చేతిలో ఓడిపోయిన రోమన్ సేనాని పాంపే ఈజిప్టుకి పారిపోతే, అక్కడి కుర్రరాజు టాలెమీ సీజర్‌ని మంచి చేసుకుందామని పాంపే తల నరికించి కానుకగా పంపిస్తాడు. నాటకంగా ఆడితే ఇక్కడ పళ్లెంలో బొమ్మ తల తెస్తారు కదా, మొన్న టాలెమీ సేనాపతి అకిల్లా పాత్ర పాడినతను రెండు చేతులూ ముందుకి చాచి నిలబడ్డాడు, అంతే, ఖాళీ చేతులు. పాంపే భార్య కొర్నేలియా పాడుతున్నావిడ మూడడుగుల దూరం నుంచి ఆ అరచేతుల వైపు చూసింది, చూపు మెల్లగా పక్కకి తిప్పుకుంది. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. నాకైతే ఆ తల కనపడింది, జుట్టుతో సహా.

దాని తర్వాత వచ్చే ఒక ముక్క గురించి చెప్దామనే అసలు ఈ పోస్టు మొదలుపెట్టా. పాంపే చితాభస్మం ఉన్న పాత్ర ముందు సీజర్ ఒంటరిగా నిలబడతాడు. అది పాట కూడా కాదు, మాటకీ పాటకీ మధ్యలో ఉంటుంది, వెనక తీగ వాయిద్యాలు మాత్రమే, ఆగి ఆగి బరువుగా అడుగులేస్తున్నట్టు వాయిస్తారు. నిన్నటిదాకా బతికుండి లోకమంతా యుద్ధంతో నింపినవాడు ఇవాళ బూడిదై ఒక పాత్రలో ఇమిడిపోయాడు, మనిషి గొప్పతనం అంతా చివరికి ఇంతే, అంటాడు. చనిపోయినవాడు తన శత్రువు, గెలిచినవాడు తను, అయినా ఆ బూడిదలో తనని తను చూసుకుంటున్నాడు. మన హరిశ్చంద్రలో కాటి సీను తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు, నాకు అక్కడే ఒళ్లు జలదరించింది. మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆ మూడు నిమిషాల్లో నల్లకోటు వేసుకున్న ఆ మనిషే రోమ్, ఇంక కిరీటం ఎందుకు?

ఈ సీజర్ పాత్రని 1724 ఫిబ్రవరి 20న లండన్ హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్లో మొదట పాడింది సెనెసీనో అనే కస్ట్రాటో, అంటే చిన్నప్పుడే గొంతు మారకుండా ఆపరేషన్ చేసేసిన గాయకుడు. ఆ కాలంలో సంగీతం కోసం పిల్లలకి అలా చేసేవాళ్లంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. ఇప్పుడు ఆ పాత్రలు ఆడవాళ్లయినా పాడతారు, లేదా కౌంటర్ టెనార్లు, మగవాళ్లే గానీ పైస్థాయిలో పాడేవాళ్లు. మొన్న పాడింది కౌంటర్ టెనారే.

టాలెమీని మొదటిసారి కలిసినప్పుడు సీజర్ పాడే పాట ఒకటుంది, వేటగాడు వేట మీద మనసున్నప్పుడు చప్పుడు చేయకుండా దాక్కుని వెళ్తాడు అని, దానికి తోడు ఒకే ఒక్క హారన్, ఊదే ఇత్తడి వాద్యం. మీటలు లేని పాతకాలపు హారన్, పెదాలతో ఊపిరితో స్వరాలు పట్టుకోవాలి, కొంచెం జారితే బయటపడిపోతుంది. ఆ వాయించేవాడు లేచి ముందుకొచ్చి సీజర్ పక్కనే నిలబడ్డాడు. ఈ పాటల పద్ధతేంటంటే మొదటి భాగం, రెండో భాగం, మళ్లీ మొదటి భాగం, కానీ తిరిగొచ్చినప్పుడు ఉన్నదున్నట్టు పాడకూడదు, సంగతులు వెయ్యాలి. వీళ్లిద్దరూ ఒకళ్ల సంగతి ఒకళ్లు అందుకుంటూ, మన కచేరీల్లో గాత్రానికీ వయొలిన్‌కీ నడిచినట్టు నడిచింది. హారన్ అతని మెడ నరాలు ఉబ్బడం నేను కూర్చున్న చోటికి కనపడింది.

టాలెమీ అక్క క్లియోపాత్రా, లిడియా అనే మారుపేరుతో సీజర్ కోసం పాడే పాట, 'వదోరో పుపిల్లే', నీ కళ్లని ఆరాధిస్తున్నా అని, దానికోసం హాండెల్ వేదిక మీద వేరే చిన్న వాద్యబృందమే పెట్టాడు, హార్ప్, థియోర్బో, వయోలా డ గాంబా లాంటి పాతకాలపు తీగ వాయిద్యాలన్నీ ఉంటాయి. పాట మధ్యలో సీజర్ ఉండబట్టలేక, స్వర్గంలో దేవుడి దగ్గర కూడా ఇంత మంచి పాట లేదు అనేస్తాడు, అప్పుడు ఆవిడ మళ్లీ మొదటికొచ్చి పాడుతుంది. కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తల ఊపుతూ 'ఆహా' అన్నట్టే, కాకపోతే ఆ ఆహాని కూడా హాండెల్ స్వరపరిచి పెట్టాడు. మూడొందల ఏళ్ల కింద ఎక్కడో జర్మనీలో పుట్టి లండన్లో ఇటాలియన్ ఒపేరాలు రాసుకున్న మనిషికి మన రసికుల సంగతి ఎలా తెలిసిందా అని ఎంత సంతోషమేసిందో.

చివర్లో క్లియోపాత్రా టాలెమీకి బందీ అయ్యాక పాడేది 'పియాంజెరో'. ప్రాణం ఉన్నంతవరకూ నా రాతకి ఏడుస్తూ ఉంటాను అని నెమ్మదిగా, మధ్యలో ఒక్కసారి కోపంగా, చచ్చాక దెయ్యాన్నై ఆ దుర్మార్గుణ్ణి రాత్రీ పగలూ పీడిస్తాను అని, మళ్లీ ఆ ఏడుపే. రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఆ గాయని సంగతులు పెద్దగా వెయ్యలేదు, గొంతు బాగా తగ్గించి దాదాపు ఊపిరితో పాడింది, నా పక్క సీట్లో ముసలావిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

నిజం టాలెమీ నైలు నదిలో మునిగిపోయి చనిపోయాడు, ఒపేరాలో పాంపే కొడుకు చంపుతాడు, అంతా సుఖాంతం. చరిత్ర కోసం వెళ్లేవాళ్లకి ఇబ్బందే, నాకైతే ఏ ఇబ్బందీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం నాన్నకి మళ్లీ ఫోన్ చేశా, అక్కడ సాయంత్రం. కిరీటాల మాట పక్కనబెట్టి ఆ బూడిద పాత్ర ముక్క మాత్రం తెలుగులో చెప్పా, నాకొచ్చినట్టు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు సవరించుకుని కాటి సీను పద్యం ఎత్తుకున్నాడు, రాగం బాగా పొడుగ్గా తీసి. వెనకనించి అమ్మ "దీపాలు పెట్టే వేళ ఆ పద్యాలేంటండీ" అంటూనే ఉంది. ఆయన ఆపలేదు, నేనూ ఆపమనలేదు.