ఫ్లిప్ 7 మొదటిసారి ఆడాం

నిన్న రాత్రి అన్నాలయ్యాక పెద్దమ్మ వాళ్లింట్లో ఫ్లిప్ 7 పెట్టె తెరిచాం. 2024లో వచ్చిన కార్డ్ గేమ్, మొత్తం 94 ముక్కలు. నాకు బాగా నచ్చింది దాని లెక్క. 12 అంకె ముక్కలు పన్నెండు, 11వి పదకొండు, అలా తగ్గుతూ 1 ఒక్కటే, 0 కూడా ఒక్కటే. అంటే ఎక్కువ పాయింట్లు తెచ్చే ముక్కే మళ్లీ వచ్చి మనల్ని ముంచే అవకాశం కూడా ఎక్కువన్నమాట, ఎందుకంటే ఒకే అంకె రెండోసారి వచ్చిందా, ఆ రౌండులో మన పాయింట్లన్నీ పోయినట్టే. ఇంకో ముక్క అడగాలా, ఉన్నదాంతో ఆగాలా? అంతే ఆట.

రమ్మీలో చేయి తిరిగిన పెదనాన్న మొదట "ఇందులో ఆలోచించడానికేముందిరా" అన్నారు. మూడో రౌండుకల్లా ఎన్ని పన్నెండ్లు పడ్డాయో మనసులో లెక్కపెట్టుకుంటున్నారు!

వేర్వేరు అంకెలు ఏడు వస్తే అదనంగా 15 పాయింట్లు, రౌండు అక్కడికక్కడే అయిపోతుంది. తొమ్మిదేళ్ల మా మేనకోడలు ఆరు ముక్కల దగ్గర ఆగకుండా "ఇంకోటి" అనేసరికి అందరికీ టెన్షన్, ఊపిరి బిగబట్టి చూశాం, వచ్చింది నాలుగు, దాని దగ్గర నాలుగు లేదు. ఇల్లంతా కేకలే.

ఫ్రీజ్ ముక్క మాత్రం నాకు అంతగా నచ్చలేదు. అది ఎవరికి వస్తే వాళ్లు ఇంకొకరికిచ్చి ఆ రౌండులో ఆపేయొచ్చు, ముందంజలో ఉన్న పెద్దమ్మకే అందరూ ఇచ్చారు, పాపం.

చివరికి 200 పాయింట్లు దాటి గెలిచింది పెదనాన్నే. పదకొండున్నర అయినా పెట్టె మూయనివ్వలేదు.