సమీక్షలో ఉన్న సొమ్ము

చెల్లి హాయిగా పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు. సొమ్ము దానిది, బెంగ నాది. మా ఇంటి సంగతి మీకు కొత్త కాదు కదా.

పిల్లల కోసం అది గీసే బొమ్మల ఫైళ్లను ఇంకో ఖండంలో ఎవరో కొన్నారు. మంచి బేరమే, సంతోషం. డబ్బు వాళ్ల ఖాతాలోంచి అప్పుడే బయటపడింది గానీ దీని ఖాతాకు చేరలేదు. మధ్యలో ఉన్న చెల్లింపుల సంస్థ ‘సమీక్షలో ఉంది’ అంటుంది. చిరునామాకు రుజువు కావాలట. మూడు నెలల లోపుది కావాలి, కాగితం నాలుగు మూలలూ కనిపించాలి, పేరులో అక్షరం తేడా రాకూడదు. కరెంటు బిల్లు అమ్మ పేరున ఉంది. ఫోను బిల్లు కాగితం మీద రావడం ఎప్పుడో మానేసింది, ఇప్పుడు వచ్చేది సందేశం. సందేశానికి మూలలెక్కడివి? స్క్రీన్‌షాట్ చెల్లదన్నారు. చివరికి బ్యాంకులో ముద్ర వేయించిన స్టేట్‌మెంట్ పంపితే, ఫొటోలో ఒక మూల వెలుతురు పడి తెల్లబోయిందని తిప్పి పంపారు. చూసింది మనిషో యంత్రమో తెలియదు. అడుగుదామంటే ఫోను నంబరు లేదు. జవాబు మాత్రం క్రమం తప్పకుండా వస్తుంది, అందులో మా సహనానికి కృతజ్ఞతలు ఉంటాయి. నాలో లేనిదానికి కృతజ్ఞతలు!

ఇంత మంట మీద ఉన్నప్పుడే మా వారు ఒక ప్రసంగం వినిపించారు. లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలట, వర్ధమాన దేశాల కుర్రకారు ప్రపంచం మొత్తానికీ అమ్ముకోవచ్చట, అడ్డంకే అవకాశమట. మరి 2024 మార్చి 14న ఐవరీ కోస్ట్ తీరం దగ్గర సముద్రం అడుగున నాలుగు కేబుళ్లు ఒక్కసారి దెబ్బతిని, పశ్చిమ ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు నెట్ కుంటుపడింది. ఆ రోజు లాప్‌టాప్‌లు అందరి దగ్గరా ఉన్నాయి.

నాతో ఆన్‌లైన్‌లో డిజైన్ కోర్సు చేసిన నైజీరియా అబ్బాయి గుర్తొచ్చాడు. పనిలో మా అందరికంటే మెరుగు. పని ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు వాడే చెల్లింపుల సేవ అప్పట్లో అతని దేశంలో డబ్బు పంపనిచ్చేది, పుచ్చుకోనిచ్చేది కాదు. అందుకని సంపాదనంతా విదేశంలో ఉన్న బంధువు ఖాతాలో పడేది. ఆయన తన వాటా తీసుకుని, తీరిక దొరికినప్పుడు మిగతాది పంపేవాడు. ఈ అబ్బాయి ఆయన పుట్టినరోజు మరిచేవాడు కాదు, ఆయన పిల్లల పరీక్షలు ఎలా జరిగాయో అడిగేవాడు, ఆయన కసురుకుంటే ఆ నెల గడవదని నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత 2021 జూన్‌లో అక్కడి ప్రభుత్వం ట్విట్టర్‌ను నిషేధించింది. అతనికి బేరాలు వచ్చేది అందులోనే. మళ్లీ తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు అతనేం చేస్తున్నాడో.

ఇక్కడి దాకా రాశాక నా వాదన మీద నాకే అనుమానం వచ్చింది. అదే నైజీరియాలో, ఇలాంటి చెల్లింపుల చిక్కునే వ్యాపారంగా మలుచుకుని 2015లో పేస్టాక్ అనే చెల్లింపుల సంస్థ మొదలైంది. 2020లో అమెరికా చెల్లింపుల సంస్థ స్ట్రైప్ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది, 20 కోట్ల డాలర్లకు పైమాటే అని వార్తలు వచ్చాయి. అంటే ప్రసంగం చెప్పినాయన అన్నట్టు అడ్డంకే అవకాశమా? పేస్టాక్ వాళ్ల వరకు నిజమే. కానీ బొమ్మలు గీసే మనిషి తన డబ్బు తను తీసుకోవడానికి ఒక చెల్లింపుల సంస్థను స్థాపించాలా?

అలాగని మా సొమ్ము ఆపినవాళ్లను దుర్మార్గులని అనలేకపోతున్నాను. మోసాలు ఉన్నాయి, తనిఖీ తప్పదు. అసలు గొడవ లెక్కలో ఉంది. చెల్లి ఖాతా మీద వాళ్లకు వచ్చే కమిషన్ కంటే, దాన్ని ఒక మనిషి చేత చూపించడానికయ్యే ఖర్చే ఎక్కువై ఉంటుంది. పెద్ద వ్యాపారి ఫైలు ఆగితే మాట్లాడటానికి మనిషి దొరుకుతాడు. చిన్నవాళ్లకు దొరికేది యంత్రం.

కెన్యాలో ఇంకో రకంగా జరిగింది. 2007లో సఫారికామ్ అనే ఫోను కంపెనీ ఎంపెసా అనే సేవ తెచ్చాక మామూలు ఫోను నుంచే డబ్బు పంపడం వీలైంది. దాని మీద ఆధారపడి ఎంకోపా సంస్థ సోలార్ దీపాలను రోజువారీ వాయిదాల మీద అమ్మింది. అంత చిన్న మొత్తాల కోసం ఇంటింటికీ మనిషిని తిప్పితే వసూలు కంటే తిరుగుడు ఖర్చే ఎక్కువయ్యేది. అక్కడ అవకాశం తెచ్చింది కష్టం కాదు, ముందుగా ఎవరో వేసి ఉంచిన దారి.

ఈ మాట గర్వంగా మా వారికి చదివి వినిపించాను. “ఆ దారీ ఒక కంపెనీదే కదా, రేపు వాళ్లూ నాలుగు మూలలు చూపించమంటే?” అని అటు తిరిగి పడుకున్నారు. జవాబు తట్టలేదు. దాంతో సంస్థ మీది కోపం కాస్తా ఈయన మీదికి మళ్లింది.