తాతయ్యకి సబ్‌వే దీపాలు వివరించిన మనవడు

పిల్లలకి తెలుగు నిలబడాలంటే ఏం చేయాలన్న మాట న్యూయార్క్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిసిన ప్రతిచోటా వస్తుంది. వారాంతపు క్లాసులు, పద్యాల పోటీలు, వేసవి సెలవుల్లో ఊరికి పంపడం, అన్నీ మంచివే. మా ఇంట్లో మాత్రం ఆ పని ఎక్కువగా చేసినవి సబ్‌వే రైళ్ళ మీది, అంటే ఇక్కడి మెట్రో రైళ్ళ మీది, రంగు దీపాలు.

మేముండేది క్వీన్స్‌లో, ఏడో నంబర్ లైనుకి దగ్గర్లో. మా అబ్బాయికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ రైళ్ళ పిచ్చి. ఏ రూటుకి ఏ రంగు, ఏ పెట్టె ఏ మోడల్, ఎక్స్‌ప్రెస్ ఎక్కడెక్కడ ఆగుతుంది, అన్నీ నోటికి వచ్చు. అయితే అదంతా ఇంగ్లిష్‌లోనే. తెలుగంటే వాడికి తిన్నావా, స్నానం చేశావా, షూ వేసుకో, అంతవరకే. రైళ్ళ గురించి నేను తెలుగులో అడిగినా ముక్తసరిగా జవాబిచ్చేవాడు. అమ్మకి నిజంగా తెలుసుకోవాలని లేదని పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చాక ఆ వరస మారింది. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. బ్రూక్లిన్‌లో ట్రాన్సిట్ మ్యూజియం ఉంది. వాడకం మానేసిన కోర్ట్ స్ట్రీట్ స్టేషన్‌లోనే 1976లో దాన్ని పెట్టారు. ఒకరోజు ముగ్గురం అక్కడికి వెళ్ళాం. మెట్లు దిగితే నిజం ప్లాట్‌ఫారమే, పట్టాల మీద నిజం పెట్టెలే. 1930ల నాటి ఒక పెట్టె ముందు మావాడు ఆగి, పైన చెరో మూలనా ఉన్న చిన్న గుండ్రటి దీపాలు చూపించాడు. వాటిని మార్కర్ లైట్లంటారు. లోపల బల్బు ఒకటే, దాని ముందుకి రంగు అద్దాలు మారుతాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు.

“తాతయ్యా, ఇది చూస్తే టవర్‌లో మనిషికి ట్రైన్ ఎటు వెళ్ళాలో తెలుస్తుంది” అన్నాడు.

“ఆహా! మా సిగ్నల్ క్యాబిన్‌ లాంటిదే. అందులో ఉన్నవాడు రంగు చూసి పాయింట్లు మార్చి బండిని ఆ పట్టా మీదికి మళ్ళిస్తాడన్నమాట. మరి వెనకవైపు ఏం వెలుగుతుంది?”

“వెనక రెండూ రెడ్.”

నాన్నగారు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. రెండు దీపాలు, ఒక్కోదానికి నాలుగు రంగులు, మొత్తం 16 జతలు. రెండూ ఎరుపైనది వెనక్కి పోతే ముందుకి 15 మిగులుతాయని వేళ్ళ మీద లెక్కేశారు. తర్వాత తన డ్యూటీ సంగతి చెప్పారు. ఆగకుండా పోయే బండి చివరి పెట్టె మీది టెయిల్ ల్యాంపు కళ్ళారా చూస్తే గానీ బండి మొత్తం వచ్చిందని నమ్మకూడదట. అది కనబడలేదంటే మధ్యలో పెట్టెలు విడిపోయాయేమోనని అనుమానించాలి. మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. అంతసేపు వాడు తెలుగు వినడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ దీపాలు ప్రయాణికుల కోసం పెట్టినవి కావు. ఒకే సొరంగంలో రకరకాల రూట్ల బండ్లు వస్తాయి. జంక్షన్ దగ్గర టవర్‌లో ఉన్నవాడికి బండి మీది అక్షరాలో అంకెలో కనబడేలోపే రంగు కనబడేది. తర్వాత్తర్వాత కొన్ని స్టేషన్లలో బండి నడిపేవాడే ప్లాట్‌ఫారం దగ్గరి బటన్ నొక్కి దారి అడిగే పద్ధతి వచ్చింది. కొత్త పెట్టెల మీద మార్కర్ లైట్లు లేవు. రంగుల పని ప్రయాణికుల వైపుకి మళ్ళింది. 1967లో రూట్లకి రంగులిచ్చారు, 1979 మ్యాపుతో మాన్‌హట్టన్‌లో బండి ఏ ప్రధాన మార్గంలో నడుస్తుందో దాన్నిబట్టి రంగు అన్నారు. ఎయిత్ అవెన్యూకి నీలం, సిక్స్త్ అవెన్యూకి నారింజ, లెక్సింగ్టన్‌కి ఆకుపచ్చ. మా ఏడో నంబరుకి ఊదా.

పట్టాల పక్క సిగ్నళ్ళ కథ వేరు. అక్కడ నాన్నగారిదే పైచేయి. పూర్వం రైల్వేల్లో తెలుపు అంటే పో, ఆకుపచ్చ అంటే జాగ్రత్త. ఎర్ర అద్దం పగిలిపోతే లోపలి తెల్ల వెలుతురే కనబడి డ్రైవరు దారి ఖాళీ అనుకునే ప్రమాదం ఉంది. వీధి దీపాన్ని సిగ్నలనుకునే ప్రమాదమూ ఉంది. అందుకే ఆకుపచ్చని పొమ్మనడానికి, పసుపుని జాగ్రత్తకి మార్చారు. దీనికి మావాడు న్యూయార్క్ సంగతి జోడించాడు. జంక్షన్ సిగ్నలుకి పైన ఒక దీపం, కింద ఒక దీపం. ఆకుపచ్చ కింద ఆకుపచ్చ అయితే అసలు దారి, ఆకుపచ్చ కింద పసుపు అయితే పక్క దారి. రెండూ ఎరుపైతే ఆగాలి.

“ఆగకపోతే?” అన్నారు నాన్నగారు. ఆ ప్రశ్నకి జవాబు మా స్టేషన్ ప్లాట్‌ఫారం చివర దొరికింది. సిగ్నల్ ఎర్రగా ఉన్నంతసేపూ పట్టా పక్కన ఒక చిన్న ఇనప చేయి పైకి లేచి ఉంటుంది. బండి దాటబోతే అది పెట్టె కింది మీటకి తగిలి బ్రేకులు పడిపోతాయి. 1904లో ఇక్కడ సబ్‌వే మొదలైనప్పటి నుంచీ ఈ ఏర్పాటు ఉంది. మనిషి కన్ను ఒక్కదాన్నే నమ్ముకోకూడదని అప్పటికే గ్రహించారు. ఆ చేయి దిగడం, సిగ్నల్ మారడం, బండి కదలడం చూస్తూ తాతామనవళ్ళు చలిలో అలాగే నిలబడ్డారు. ఇంటికి రమ్మని పిలవబుద్ధి కాలేదు.

వాళ్ళిద్దరికీ కుదరనిది ఒక్కటే. ఏడో నంబర్ బండి పక్కన బోర్డు మీద లోకల్ అయితే ఆకుపచ్చ వృత్తం, ఎక్స్‌ప్రెస్ అయితే ఎర్ర డైమండ్ వెలుగుతుంది. ఎరుపు చూపించి ఆగకుండా పోవడమేమిటని నాన్నగారు. అది సిగ్నల్ కాదు తాతయ్యా, పేరు అని వీడు. వీడి మాటే సరైనదని నాకనిపించింది గానీ, నలభై ఏళ్ళు ఎరుపు కనబడితే బండి ఆపించిన మనిషి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుంటారు?

పిల్లలు రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతారని మనం తెగ బెంగపడతాం. మావాడికి ఈ ఊరు పరాయి ఊరు కాదు, సొంత ఊరే. దాని చరిత్ర మీద వాడికున్న ప్రేమని పక్కకి నెట్టి మన భాష ఇవ్వాలనుకుంటే వాడెందుకు తీసుకుంటాడు? వాడికిష్టమైనదాన్ని తెలుగులో వినాలని నిజంగా ఎదురుచూసే మనిషి దొరికాడు. మాట తడబడినా, మధ్యలో ఇంగ్లిష్ దొర్లినా, మావాడు చెప్పకుండా ఉండలేకపోయాడు. క్లాసులు వద్దనను గానీ, అలాంటి శ్రోతని వెతికిపెట్టడమే మన మొదటి పని అంటాను.

నాన్నగారు తిరిగి వెళ్ళాక ఆ చర్చ వాట్సాప్‌లోకి మారింది. ఏడో నంబర్ లైను 2018 చివర్లో కొత్త పద్ధతికి మారిపోయింది. బండి ఎక్కడుందో రేడియో ద్వారా కంప్యూటరుకి ఎప్పటికప్పుడు తెలుస్తుంటుంది, ఎంత వేగంతో వెళ్ళొచ్చో క్యాబ్‌లో తెర మీదే కనబడుతుంది. ఆ తెర ఆరిపోతే డ్రైవరు దేన్ని చూసి బండి నడుపుతాడన్నది నాన్నగారి తాజా ప్రశ్న. శనివారంలోగా కనుక్కుని చెప్తానని మావాడు మాటిచ్చాడు.