పిల్లలతో చిన్న ఆవిరి రైలు ఎక్కొచ్చాం: నా అనుభవం

మోడల్ ఇంజినీరింగ్ క్లబ్బులు నడిపే చిన్న ఆవిరి రైలంటే పార్కులో గుండ్రంగా తిరిగే కరెంటు రైలే కదా అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కాదండీ. ఇది నిజం ఇంజనే, సైజు తగ్గించారంతే. లోపల బొగ్గు మండుతుంది, నీళ్లు మరుగుతాయి, ఆ ఆవిరే పిస్టన్లని తోస్తుంది, ఒక్కోసారి దారి మధ్యలో ఆగిపోతుంది కూడా (మాది ఆగింది, చెప్తాను). నడిపేవాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు కారు, క్లబ్బు సభ్యులు. వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని సొంతంగా చేసుకున్న ఇంజన్‌నే తెచ్చి మన పిల్లల్ని తిప్పుతారు. అందుకే ఇక్కడ అంతా వాళ్ల వీలుని బట్టి, వాతావరణాన్ని బట్టి ఉంటుంది. జనాన్ని ఎక్కించుకునే రోజులు వేరే ఉంటాయి, వాన పడితే ఆ రోజు లేనట్టే.

కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఎత్తినాయన ఓపిగ్గా అన్నీ చెప్పారు. కాళ్లకి చెప్పులు కాకుండా బూట్లు ఉండాలి, వేలాడే చున్నీలు, పొడుగు కుచ్చిళ్లు ఉంటే చుట్టి ఒళ్లో పెట్టుకోవాలి, ఎండలు ముదిరి గడ్డి బాగా ఎండిపోయిన రోజుల్లో నిప్పురవ్వల భయంతో ఆవిరి ఇంజన్లు పక్కన పెట్టి బ్యాటరీ ఇంజన్లు తిప్పుతారు. చివర్లో, వీలైతే మొదటి రైలుకి ఓ గంట ముందే రండి, నిప్పు రాజేసేది చూడొచ్చు అన్నారు. పొద్దున్నే పిల్లల్ని లేపి తయారు చేయడం ఎంత కష్టమో పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, అయినా వెళ్లాం. ఆ గంట చూడకుండా నేరుగా రైలెక్కి దిగిపోయుంటే ఇంత రాసేదాన్ని కాదు.

ఇంజన్లన్నీ నడుము ఎత్తు బల్లల మీద వరసగా నిలబెట్టి ఉన్నాయి. కంచెకి ఇవతల మేము. ఒకాయన ముందు గేజ్ గ్లాసులో నీళ్ల మట్టం చూశారు, నీళ్లున్నాయని తేల్చుకోకుండా నిప్పు పెట్టరట. తర్వాత పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాన్ బోర్లించారు. మా పెద్దవాడు, తొమ్మిదేళ్లు, ఫ్యాన్ ఎందుకని అక్కడే అడిగేశాడు. ఇంజన్ నడుస్తున్నప్పుడు సిలిండర్లలోంచి వచ్చే ఆవిరి పొగగొట్టంలోంచి పైకి చిమ్ముతూ మంటలోకి గాలిని లాగుతుంది, ఇప్పుడింకా ఆవిరి లేదు కాబట్టి ఆ లాగే పని ఫ్యాన్ చేస్తుంది. కిరోసిన్‌లో నానబెట్టిన చెక్కముక్కలు అంటించి లోపలికి తోశారు, అవి అందుకున్నాక గోలీలంత బొగ్గు ముక్కలు బుల్లి పారతో కొంచెం కొంచెంగా. ప్రెషర్ ముల్లు చాలాసేపు కదలదు. కదలడం మొదలయ్యాక మాత్రం చకచకా ఎక్కుతుంది. ఒత్తిడి చదరపు అంగుళానికి 20 పౌండ్లు దాటేసరికి ఫ్యాన్ తీసేసి, ఇంజన్‌లోనే ఉండే బ్లోయర్ తిప్పారు. ఇక అక్కణ్నుంచి దాని ఆవిరితో అదే తన మంటని ఊదుకుంటుంది. ఆయనేమో ఈలోపు నూనె డబ్బా పట్టుకుని కనపడ్డ ప్రతి కీలుకీ చుక్క వేసుకుంటూ పోతున్నారు.

ఇది పేలిపోతుందా అన్నది నా ప్రశ్న. పిల్లల్ని కూర్చోబెట్టేది నేనే కదా, టెన్షన్ ఉండదా. ఈ ప్రశ్న వాళ్లకి కొత్త కాదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. కొత్త బాయిలర్ అయితే అది పనిచేసే ఒత్తిడికి రెట్టింపు, తర్వాత జరిగే పరీక్షల్లో ఒకటిన్నర రెట్లు, అదీ చన్నీళ్లతో ఎక్కించి చూస్తారట. నీళ్లతోనే ఎందుకంటే నీళ్లు నొక్కితే కుదించుకుపోవు, కాబట్టి వాటిలో శక్తి పెద్దగా దాగి ఉండదు. ఎక్కడైనా అతుకు విడినా బొటబొటా కారుతుంది తప్ప పేలదు. అదే గాలితోనో ఆవిరితోనో పరీక్ష చేస్తే సంగతి వేరు. ఈ పరీక్ష కాగితం లేని ఇంజన్‌ని మనుషుల్ని ఎక్కించే పట్టాల మీదికి రానివ్వరు. ఇంత వివరంగా ఒక విమానం కంపెనీ కూడా నాకెప్పుడూ చెప్పలేదు.

అక్కడ రెండు రకాల పట్టాలున్నాయి. నేల మీదవి 7¼ అంగుళాల గేజ్, అంటే పట్టాల మధ్య దూరం 184 మిల్లీమీటర్లు. కాంక్రీటు దిమ్మెల మీద మోకాలి పై ఎత్తులో కట్టినవి 5 అంగుళాల గేజ్, 127 మిల్లీమీటర్లు. నేల లైను మీది ఇంజన్ అసలు ఇంజన్‌లో ఎనిమిదో వంతు. పొడవు ఎనిమిదో వంతే కానీ వెడల్పు, ఎత్తు కూడా అలాగే తగ్గుతాయి కాబట్టి బరువు 512వ వంతు అవుతుంది, అంటే 100 టన్నుల ఇంజన్‌కి ఇది సుమారు 200 కిలోలు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం చాలా తేలిగ్గా దొర్లుతుంది కాబట్టి ఆ 200 కిలోల ఇంజనే రెండు మూడు పెట్టెల నిండా పెద్దవాళ్లనీ పిల్లల్నీ లాక్కుపోతుంది. ఇంత చిన్న ఇంజన్లలో బొగ్గు మండించడం కుదరదు, స్పిరిట్ దీపమే గతి అని 1920ల్లో పెద్ద వాదనే నడిచిందట. ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే ఒకాయన ఇంకా చిన్నదైన 2½ అంగుళాల గేజ్ ఇంజన్‌లో బొగ్గు మండించి, దాంతో మనిషిని లాగించి చూపించాకే ఆ నోళ్లు మూతపడ్డాయట.

క్యూ మామూలే. ఎక్కేముందు గార్డు చెప్పే మాటలు మాత్రం శ్రద్ధగా వినండి: పాదాలు ఫుట్‌బోర్డు మీదే, చేతులు లోపలే, పక్కకి వంగకూడదు, ఫోటో కోసం లేవకూడదు, పిల్లలు ముందు, పెద్దవాళ్లు వాళ్ల వెనక. పట్టాల మధ్య జానెడు వెడల్పు, దాని మీద కూర్చున్న మనిషి బరువంతా పైన. ఒక్కరు ఒక పక్కకి వాలినా పెట్టె ఒరిగే ప్రమాదం ఉంటుంది. మాకంటే ముందు వెళ్లిన బండిలో ఒకాయన సెల్ఫీ కోసం చెయ్యి చాచగానే గార్డు విజిల్ వేసి బండి ఆపించారు, ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆయన ఫోన్ జేబులోకి వెళ్లిపోయింది.

మా చిన్నదానికి నాలుగేళ్లు. స్టేషన్‌లో నిలబడగానే సేఫ్టీ వాల్వ్ బుస్సుమని తెరుచుకుంది, దాంతో అది నా మెడ పట్టుకుని ఇక వదల్లేదు. చెవులు మూసినా లాభం లేకపోయింది. డ్రైవరమ్మ చూసి (అవును, ఆడమనిషే, ఒంటి నిండా మసి) చేతిపంపు కొడుతూ బాయిలర్లోకి చన్నీళ్లు పంపారు, ఒత్తిడి తగ్గి వాల్వ్ మూసుకుంది. కూత వేసేముందు వేస్తున్నానని చేత్తో చూపించి మరీ వేశారు. ఎప్పుడొస్తుందో తెలిసిన చప్పుడుకి పిల్లలు అంత భయపడరు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు డ్రైవర్‌కి ముందే చెప్పుకోండి, మొహమాటపడకండి.

బయల్దేరేటప్పుడు చక్రాలు ఒక్కసారి గిర్రున జారాయి, మళ్లీ పట్టు దొరికింది. చక్రం ఒకసారి తిరిగితే నాలుగుసార్లు చుఫ్ మనాలి, రెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు వైపుల నుంచీ ఆవిరి. పెద్దవాడు వంతెన దాకా లెక్కపెట్టి తర్వాత వదిలేశాడు. చెట్ల మధ్య ఎత్తు ఎక్కేచోట చప్పుడు నెమ్మదిగా బరువెక్కింది, ఇంకొంచెం పోయాక బండి ఆగింది. ఆవిరి చాల్లేదు. పెద్ద ఇంజన్‌లో టన్నులకొద్దీ నీళ్లు మరుగుతుంటాయి కాబట్టి ఒత్తిడి తగ్గడానికైనా పెరగడానికైనా టైము పడుతుంది. ఈ చిన్నదాంట్లో ఉండేది కొద్ది లీటర్లే, ఒక్క నిమిషం మంట పలచబడితే ముల్లు కిందికి దిగిపోతుంది. దానికితోడు తొట్టిలో నీళ్లు వేడెక్కి ఇంజెక్టర్ మొరాయించింది. కదిలే భాగమే లేకుండా, బాయిలర్లోని ఆవిరితోనే నీళ్లని మళ్లీ ఆ బాయిలర్లోకే తోసే ఆ ఇంజెక్టర్‌ని 1858లో అన్రీ జిఫార్ అనే ఫ్రెంచి ఇంజినీరు పేటెంట్ చేశాడు, ఇప్పటికీ వేడి నీళ్లంటే దానికి పడదు. ఆవిడ బ్లోయర్ తెరిచి, బొగ్గు సర్ది, మళ్లీ చేతిపంపుకే దిగారు. వెనక పెట్టెలో ఎవరో డబ్బులిచ్చి ఎక్కింది ఆగడానికా అని గొణిగారు. మాకు మాత్రం పొద్దున కంచె అవతల చూసిందంతా ఇప్పుడు రెండడుగుల దూరంలో జరుగుతోంది. ముల్లు ఎంత దాకా వచ్చిందో మావాడు వెనకవాళ్లకి గట్టిగా అరిచి చెప్తున్నాడు. ఐదారు నిమిషాల్లో కదిలాం.

తర్వాత ఎత్తు లైను. ఇక్కడ గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి, నా మోకాళ్లు ఒప్పుకోవడానికి కాస్త టైము పట్టింది. క్యూ అంతా నేల లైను దగ్గరే ఉంటుంది గానీ నా ఓటు దీనికే. ఇంజన్ మరీ చిన్నది కాబట్టి డ్రైవర్ భుజం మీంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి, తలుపు తీసి పారెడు బొగ్గు వేసినప్పుడల్లా లోపలి ఎరుపు, గేజ్ గ్లాసులో అటూ ఇటూ ఊగే నీళ్లు. నాలుగేళ్లదాన్ని మాత్రం ఎక్కించలేదు, కాళ్లు ఫుట్‌బోర్డుకి అందవు. అది వాళ్ల నాన్న దగ్గర ఉండిపోయింది.

చివరి రైలు మనం అనుకునేదానికంటే తొందరగానే వెళ్లిపోతుంది. తర్వాత వాళ్లకి బోలెడు పని ఉంటుంది: నిప్పు దించాలి, బూడిద ఊడ్వాలి, బాయిలర్ గొట్టాల్లో మసి బ్రష్షుతో తోమాలి, బాయిలర్ చల్లారేదాకా వదిలి వెళ్లకూడదు. మావాడు అదీ చూస్తానని కూర్చున్నాడు. చూసి ఊరుకున్నాడా, నేను కూడా నడపొచ్చా అని అడిగాడు. పిల్లల్ని కూడా సభ్యులుగా చేర్చుకుంటారట, కానీ పెద్దవాళ్లు ఎవరో ఒకరు వెంట ఉండాలి, మొదట మసి తోమడం, నూనె వేయడం, ఆ తర్వాత గార్డు పని, జనంతో ఉన్న బండి నడపడం అన్నది వయసొచ్చి, శిక్షణయ్యి, పరీక్ష పెట్టాకే. వెంట ఉండే ఆ పెద్దవాళ్లెవరో ఆలోచించాల్సిన పని లేదు. ఫారం మా ఫ్రిజ్ మీద ఉంది, వాడి పేరు, వయసు వాడే నింపేశాడు, నా సంతకం ఒక్కటే మిగిలింది.