పంక్చర్ పడిన చోట దొరికిన పాచి

మావాడికి డైనోసార్ల పిచ్చి. దసరా సెలవుల్లో తిరుపతి నుంచి పులివెందుల మీదుగా గండికోట, బెలుం గుహలు చూసొద్దాం అనగానే "అక్కడ శిలాజాలుంటాయా నాన్నా?" అన్నాడు. ఉంటాయిరా అన్నాను. కడప కొండల రాళ్లు డైనోసార్ల కంటే ఎంతో ముందువని, ఎముక ముక్క కూడా దొరకదని అప్పుడే చెప్తే బండెక్కడేమోనని భయం.

ముందురోజు తిరుమల వెళ్లాం. ఘాట్ రోడ్డులో అందరూ లోయ వైపు చూస్తారు, నేను మాత్రం కొండ వైపు చూడమంటాను. కింద పొరలేమీ లేని గ్రానైట్, దాని మీద దుప్పట్లు మడతపెట్టి దొంతి పేర్చినట్టు క్వార్ట్‌జైట్ పొరలు, అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి. ఆ రెండూ కలిసే గీతే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ, జియాలజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. భూమి లోపలెక్కడో గట్టిపడిన గ్రానైట్ పైకి తేలి, ఎండకీ వానకీ అరిగి చదునైపోయాక, దాని మీదికి నీళ్లొచ్చి ఇసుక పరిచాయి. ఈ రెంటికీ మధ్య 50 కోట్ల ఏళ్లకు పైనే గడిచింది, ఆ కాలానికి అక్కడ ఒక్క పొర కూడా మిగల్లేదు. బస్సయితే గోవిందా అనేలోపు దాటేస్తుంది. పైన శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే.

మర్నాడు రాయచోటి మీదుగా బయల్దేరాం. చక్రాయపేట దాకా అటూ ఇటూ గ్రానైట్ గుండ్లే. గండి దగ్గరికొచ్చేసరికి కొండల తీరే మారిపోతుంది, పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు అది. ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని వేంపల్లె వైపు తిరిగామో లేదో, టైరు పంక్చర్.

నేను చెమటలు కక్కుతూ స్టెప్నీ మారుస్తుంటే మావాడు రోడ్డు పక్క బండల మీదికెక్కాడు. "నాన్నా, ఈ రాయి మీద ఎర్రగడ్డ బొమ్మలున్నాయి!" అని ఒకటే కేక. నిజంగానే ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, నిలువునా కోస్తే కనపడే చారలే, ఒక దాని మీద ఇంకొకటి బోర్లించిన గిన్నెల్లా. చుట్టూ రాయి ఏనుగు తోలులా గరుగ్గా, బూడిద రంగులో ఉంది. వీటిని స్ట్రొమటొలైట్లు అంటారు. లోతు తక్కువ సముద్రంలో పాచి పొరలా పెరిగిన సూక్ష్మజీవులు, నీళ్లలో వచ్చిన సన్నటి బురద తమ జిగురుకి అంటుకుని కప్పేస్తుంటే, వెలుగు కోసం దాని మీదికి మళ్లీ పాకేవి. అలా పొర మీద పొర. వయసు 190 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ.

"అంటే పాచేనా?" అన్నాడు, మొహం వాడిపోయింది. పాచేరా, కానీ మనం పీల్చే ఆక్సిజన్ గాల్లోకి మొదట వదిలింది అలాంటి పాచే, జంతువనేది పుట్టడానికి అప్పటికింకా నూరు కోట్ల ఏళ్ల పైనే ఉంది అన్నాను. ఊహూఁ, కరగలేదు. నాకైతే ఆ పంక్చర్‌తో ట్రిప్పు డబ్బులు గిట్టుబాటైపోయాయి.

రాత్రి పులివెందులలో మా చిన్నమ్మ వాళ్లింట్లో మకాం. మజ్జిగలోకని మావాడు వంటింటి బండ మీద నిమ్మకాయ కోస్తుంటే ఆమె ఒకటే అరుపు: "రేయ్, కడప బండ మీద నిమ్మకాయ పెట్టొద్దురా, మచ్చ పడితే సచ్చినా పోదు!" ఆ నల్ల బండ సున్నపురాయి కదా, పులుపు తగిలితే కరుగుతుంది.

గండికోట గురించి అందరూ రాశారు కాబట్టి ఎక్కువ చెప్పను. ఇండియా గ్రాండ్ కాన్యన్ అని రీళ్లలో ఊదరగొట్టడం నాకు నచ్చదు, పెన్న కొండకు గండి కొట్టింది కాబట్టి గండికోట, ఆ పేరు చాలదూ? అంచున నిలబడి సెల్ఫీ తీసుకునే ముందు కాళ్ల కింది బండ చూడండి, ఒకప్పటి ఇసుకలో నీటి అలలు వదిలిన గీతలు రాయిలో అలాగే ఉండిపోయాయి.

బెలుంలో చిన్నమ్మ మాట మళ్లీ గుర్తొచ్చింది. వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పుల్లబడుతుంది, ఆ కాస్త పులుపే సున్నపురాయిని తొలిచి 3,229 మీటర్ల గుహ చేసింది. మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరే, ఆ ఉక్కకి అదే ఎక్కువ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూవిజ్ఞాని దీని గురించి రాశాడు, దాదాపు వందేళ్ల తర్వాత, 1982-83లో గెబౌర్ అనే జర్మనీ ఆయన తన బృందంతో వచ్చి కొలిచాడు.

ఆ ఫుట్ పేరే మమ్మల్ని చివర్లో కాపాడింది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో ఆయనా, ఆయన కొడుకూ 1880ల్లో గుహ అడుగున మట్టి తవ్వితే బోలెడు జంతువుల ఎముకలు దొరికాయి, రాతిలో కాదు. అందులో ఒక ఖడ్గమృగానికైతే రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని మన కర్నూలు పేరే పెట్టారు. ఇప్పుడక్కడ ఎముకలేం లేవు, కప్పు కూలిన గుహలూ, ముళ్లకంపలూ అంతే. అయినా మావాడు ఆ గుహ నోట్లో నిలబడి, తండ్రీకొడుకులు ఎంత లోతు తవ్వారు, ఎన్ని రోజులు పట్టింది అంటూ అరగంట నా ప్రాణం తీశాడు.

సెలవులయ్యాక బళ్లో అందరికీ ఖడ్గమృగం కథే చెప్పాడట. పాచి ఊసే లేదు.