గుడి బొమ్మకు ప్రాణం లేదా?

"చాలా బాగా గీశావు. కానీ ఇది గుడి గోడ మీది బొమ్మలా ఉంది, బతికున్న జంతువులా లేదు."

గురువారం రివ్యూలో నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి అన్న మాట ఇది. కాలేజీ నుంచి నేరుగా వచ్చి మా టీమ్‌లో చేరింది. పెద్ద స్క్రీన్ మీద నా ఆకుపచ్చ డ్రాగన్ ఉంది, చుట్టూ అందరూ ఉన్నారు. మా లీడ్ తలూపి, ఆ మాటను నోట్స్‌లో రాసుకుని, తర్వాతి బొమ్మకు వెళ్లిపోయాడు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్ ట్రామ్‌లో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు అదే మాట. అన్నం తింటున్నా అదే మాట.

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటల పుస్తకాలకు బొమ్మలు గీయడం నా పని. అది హన్మకొండలో మావాళ్లకు చెప్పడం ఎప్పుడూ కష్టమే. టేబుల్ చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపే గేమ్ మాస్టర్, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. కథ నోటితోనే నడుస్తుంది, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ఈ తరహా ఆటలకు దారి చూపింది 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అందులో డ్రాగన్లకు రంగును బట్టి గుణం. ఎర్రది నిప్పు, నీలిది మెరుపు, ఆకుపచ్చది విషవాయువు, నల్లది యాసిడ్, తెల్లది గడ్డకట్టించే చలి. ఇవి చెడ్డవి. బంగారం, వెండి, కంచు, రాగి, ఇత్తడివి మంచివి. 2023 జనవరిలో ఆ ఆట హక్కులున్న కంపెనీ మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టింది. ఆ పది రంగుల డ్రాగన్లూ అందులో ఉన్నాయి కాబట్టే, మాలాంటి చిన్న స్టూడియో ధైర్యంగా సొంత డ్రాగన్ల పుస్తకం వేయగలుగుతోంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఆటగాళ్లకు అన్నీ కంఠతా వచ్చు. ఎర్ర రెక్క కనపడగానే నిప్పును తట్టుకునే మందు సంచీలోంచి తీస్తారు. ఇంక భయమేముంది? అలాగని పూర్తిగా మార్చేస్తే, ఇది మా ఎర్ర డ్రాగన్ కాదంటారు. తెలిసినది తెలిసినట్టే ఉండాలి, అయినా గుండె ఝల్లుమనాలి. మా పనంతా ఆ సందులోనే.

ఆ పనిని ఇక్కడివాళ్లు చేసే తీరు చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఒక్క దవడ కోసం రోజుల తరబడి వాదించుకున్నాం. నియమాల ప్రకారం ఎదిగిన ఎర్ర డ్రాగన్ మంట నోటి దగ్గర సన్నగా మొదలై 60 అడుగుల దూరం పోయేసరికి అంతే వెడల్పున విచ్చుకుంటుంది. నీలిదాని మెరుపు 90 అడుగులు తిన్నగా గీత గీసినట్టు పోతుంది. ఆ రెంటికీ ఒకే మూతి ఎలా సరిపోతుంది? ఎర్రదానికి దవడ కీలు చెవుల వెనక దాకా జరిపి, బుగ్గల దగ్గర చర్మం ముడతలుగా వదిలాం, నోరు తెరిస్తే సాగడానికి. నీలిదానికి మూతి సన్నగా, పళ్లు రెండు వరసలు ఎదురెదురుగా, మధ్యలో మెరుపు పుట్టే ఖాళీ. మంట వచ్చేటప్పుడు నాలుక ఎక్కడికి పోతుందని ఒకాయన అడిగాడు. అందరూ నిజంగానే ఆలోచనలో పడ్డారు. చివరికి నాలుకను దవడ అడుగున ఒక తొర్రలోకి ముడిచాం. లేని జంతువు మీద ఇంత శ్రద్ధ నేను ఇంకెక్కడా చూడలేదు.

అందుకే ఆ మాట అంతగా గుచ్చుకుంది.

నేను బొమ్మలు నేర్చుకున్నది మా పెద్దబాపు దగ్గర. ఫ్లెక్సీలు రాకముందు హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల సగం షాపుల బోర్డులు ఆయన చేతివే. రేకు మీద సుద్ద పూసిన దారం లాగి వదిలితే తెల్లటి గీత పడేది, దాని మీద ఎనామెల్ అక్షరాలు. నా గీత వంకర పోతే ఆయన నలుగురిలో ఒక్క మాట అనేవాడు కాదు. షాపు ఓనర్ వెళ్లాక, చాయ్ తాగుతూ, ఎటో చూస్తూ అనేవాడు: "బాగనే ఉన్నది బిడ్డా. గని ఆ కాళ్ల దిక్కు జర చూసుకో." అంతే. ఆ రాత్రి నేను కాళ్లు మళ్లీ గీసేదాన్ని. పనివాడి పరువు నిలబడాలి, తప్పూ దిద్దుకోవాలి. రెండూ ఒకేసారి సాధించే పద్ధతి అది. ఇక్కడ లీడ్‌ను పేరు పెట్టి పిలుస్తాం, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లూ ముఖం మీదే చెబుతారు. దానివల్ల పని తొందరగా తెములుతుంది, ఒప్పుకుంటాను. కానీ మా పెద్దబాపు దగ్గర పని ఆలస్యమైన రోజూ నాకు గుర్తు లేదు.

అసలు మంట మాత్రం నలుగురిలో అన్నందుకు కాదు. గుడి బొమ్మ అంటే ప్రాణం లేనిదని అంత తేలిగ్గా ఎలా అనుకున్నారు?

మొన్న సెలవులో రామప్పకు వెళ్లినప్పుడు గజవ్యాళాల కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. చిన్నప్పుడు పిక్నిక్‌లో మనందరం మదనికలనే చూసి వచ్చేస్తాం, వీటిని పట్టించుకోం. ఏనుగు తల, సింహం ఒళ్లు, నల్లరాయి. స్తంభానికీ చూరుకూ మధ్య ఏటవాలుగా, వెనక కాళ్ల మీద లేచి ఉంటాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడితే, ఒళ్లంతా కూడదీసుకుని దూకబోయే క్షణంలో ఆగినట్టు కనిపిస్తుంది ఆ మృగం. అది ఏం తింటుందో చెక్కినవాడు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. దాని కింద నిలబడితే అడుగు వెనక్కి పడుతుంది. ప్రాణం ఉందనడానికి ఇంకేం కావాలి?

ఈ వాదన రివ్యూలో పెట్టలేదు. ఆదివారం వీడియో కాల్‌లో తమ్ముడితో, వాడి కాజీపేట దోస్తులతో ఆ డ్రాగన్‌ను ఆడించాను. ఆకుపచ్చది పాత ఆట నుంచీ అడవిలో ఉండేదే, మాటలతో బుట్టలో వేసేదే. ఇక్కడి ఆటగాళ్లయితే దాని నిధి ఎక్కడుందో ముందు వెతుకుతారు. మావాళ్లు కత్తులు తీయనేలేదు. "అక్కా, దానితోని కొట్లాట ఎందుకు? ఓసారి మాట్లాడి చూస్తం" అన్నాడు తమ్ముడు. తర్వాత డ్రాగన్‌తోనే, "నీ అడివిలకు చెప్పకుండ వచ్చినం, తప్పైంది పెద్దమ్మా. నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటం, దాటనియ్యి" అన్నాడు. మేడారం జాతర తొవ్వలో పెరిగిన పిల్లలు మరి. అక్కడ అమ్మవార్లకు మనిషి బరువు బెల్లాన్నే 'నిలువెత్తు బంగారం' అని ఇచ్చుకుంటారు. అడవిలో ఉన్నదానికి ఏమీ ఇవ్వకుండా దాటాలని వాళ్లకు తోచలేదు. పెద్దమ్మా అని పిలిచాక నేను డ్రాగన్‌గా ఏం జవాబివ్వాలి? విషం కక్కలేకపోయాను.

సోమవారం ఇదంతా ఆఫీసులో చెప్పాను. లీడ్ వెంటనే దాని నిధిని మార్చేశాడు: అది దోచుకున్నది కాదు, అడవి దాటేవాళ్లు ఇచ్చుకున్నది. జాతరను, గద్దెలను పోలినదేదీ పుస్తకంలోకి రావద్దని గట్టిగా అడిగాను. మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం రామప్ప ఫోటోలు అడిగి తీసుకుంది. మర్నాడు నా డ్రాగన్ లోపలి ఎముకల గూడు గీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది. వ్యాళంలా వెనక కాళ్ల మీద లేవాలంటే తుంటి ఎముక ఎంత వెడల్పుండాలో, తోక ఎక్కడ నేలకు ఆనాలో లెక్క వేసి మరీ తెచ్చింది. ఎవరూ చెప్పని పని, తన సొంత టైమ్‌లో చేసింది. నా గీతలో ఒక్కటీ చెరపలేదు.

ఇప్పుడు మా ఇద్దరికీ ఇత్తడి డ్రాగన్ దగ్గర పేచీ వచ్చింది. అది ఎడారిలో ఉంటుంది, దారిన పోయేవాళ్లతో కబుర్లంటే దానికి ప్రాణం. పొలుసులు పెంబర్తి పనిలా రేకును వెనక నుంచి కొట్టి లేపినట్టు ఉండాలని నేనంటున్నాను. అలాగైతే ఎండకు కాలిపోయి దాని ఒళ్లే మాడుతుంది కదా అంటుంది తను. రేకుకూ ఒంటికీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంటుందని చెప్పి, అడ్డంగా కోసి చూపించే బొమ్మ మొదలుపెట్టాను. గురువారం రివ్యూలో అదే ముందు పెడతాను.