గల్ఫ్ క్యాంపుల్లో కంపెనీ వీడియో: తెలుగు కార్మికుడి దాకా చేరాలంటే

గల్ఫ్‌లో పెద్ద కాంట్రాక్టింగ్ కంపెనీ అంటే హెడ్డాఫీసు ఒక దేశంలో, సైట్లు మూడు నాలుగు దేశాల్లో, క్యాంపుల్లో వేలమంది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, నేపాలీ, మలయాళం, తమిళం, తెలుగు అన్నీ ఒకే మెస్‌లో వినిపిస్తాయి. నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు కాగితం అంటిస్తే చదివేవాళ్లు తక్కువ. అందుకే ఇండక్షన్ (కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే పరిచయం) నుంచి సెలవు ఫారం దాకా చాలా కంపెనీలు ఇప్పుడు వీడియోలోనే చెబుతున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లి అక్కడ ఫోర్‌మన్‌గానో, సేఫ్టీ ఆఫీసర్‌గానో, టైమ్ కీపర్‌గానో చేస్తున్న మనవాళ్లకు ఏదో ఒక రోజు పైనుంచి మాట వస్తుంది: "ఈ వీడియోను తెలుగులో చేసి పెట్టు." ఆ పని నెత్తిన పడ్డవాళ్ల కోసమే ఈ వివరాలు.

వీడియో బాగుందా లేదా అన్నది తేల్చాల్సింది హెడ్డాఫీసు కాదు. చూసిన హెల్పరు మరుసటి పొద్దున ఆ పనిని సరిగ్గా చేయగలిగితే బాగున్నట్టు.

ముందుగా చూడాల్సింది దేశం. ఒక దేశంలో చేసిన వీడియోకు తెలుగు గొంతు జోడించి అన్ని బ్రాంచిలకూ పంపేస్తుంటారు. ఎమర్జెన్సీ నంబర్ల దగ్గరే ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. యూఏఈలో అంబులెన్సుకు 998, ఫైరింజనుకు 997. సౌదీలో సరిగ్గా తిరగబడుతుంది: అంబులెన్సు 997, సివిల్ డిఫెన్సు 998. రియాద్, మక్కా, తూర్పు ప్రాంతాల్లో అన్నిటికీ కలిపి 911 ఉంది. ఖతార్‌లో 999, కువైట్‌లో 112. దుబాయ్‌లో చేసిన వీడియో దమ్మాం క్యాంపులో ఆడితే, మనిషి కళ్లు తిరిగి పడిపోయినప్పుడు ఫోను అంబులెన్సుకు కాదు, ఫైర్ సర్వీసు నంబరుకు పోతుంది.

ఎండాకాలపు మధ్యాహ్న విరామమూ అంతే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని బంద్. సౌదీలో తేదీలు అవే, వేళ మాత్రం 12 నుంచి 3. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. అక్కడ వేడి, ఉక్కపోత కలిపి కొలిచే మీటరు 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాల్సిందే. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, 11 నుంచి సాయంత్రం 4 వరకు. ఖతార్ సైటులో యూఏఈ వీడియో చూపిస్తే మూడు గంటల హక్కును మనమే మనవాళ్ల దగ్గర నుంచి తీసేసినట్టు. కాబట్టి దేశాన్ని బట్టి మారే సంగతులన్నీ వీడియో చివర 20 సెకన్ల విడి ముక్కగా పెట్టండి. మిగతాది అందరికీ ఒకటే, ఆ ముక్క మాత్రం దేశానికొకటి. గొంతు రికార్డు చేసే రోజే అన్ని దేశాల ముక్కలూ చెప్పించేయండి. తర్వాత ఆ మనిషి సెలవు మీద ఊరెళ్లిపోతే అదే గొంతు మళ్లీ దొరకదు.

ఇక మాటల సంగతి. ఇంగ్లీషు స్క్రిప్టును మెషీన్‌తో మార్చిన తెలుగు అచ్చుకు పనికొస్తుందేమో గానీ సైటులో ఎవరికీ ఎక్కదు. సైటులో బెల్టు (ఎత్తులో పడిపోకుండా ఒంటికి కట్టుకునే సేఫ్టీ పట్టీలు), హుక్కు, లాన్యార్డు (బెల్టును ఆధారానికి తగిలించే తాడు), ట్యాగు, పర్మిట్టు అంటారు. అవే ఉంచండి. ఇంగ్లీషులో నిమిషం పట్టే మాట తెలుగులో నిమిషం పావు దాకా సాగుతుంది. బొమ్మ మాత్రం సాగదు. దాంతో గొంతు ఇచ్చేవాళ్లు పరుగెత్తి చదువుతారు, ముఖ్యమైన చోటే మాట మింగేస్తారు. ఒక్కో నిమిషానికి 90 నుంచి 100 తెలుగు మాటలకు మించకుండా రాసుకుని, మిగిలింది కోసేయండి. కోయడానికి పనికొచ్చేది ఎప్పుడూ మొదట్లోనే ఉంటుంది: కంపెనీ లోగో, డైరెక్టరు పలకరింపు, భద్రతే మా ప్రాధాన్యం అనే వాక్యం. మొదటి పది సెకన్లలో పని కనబడకపోతే ఫోను జేబులోకి పోతుంది.

గొంతు ఎవరిదన్నది పెద్ద విషయం. హెచ్‌ఆర్ ఆఫీసరు చదివితే ఆర్డరులా వినిపిస్తుంది. క్యాంపులో అందరికీ తెలిసిన పాత ఫోర్‌మన్ చెబితే వింటారు. "తమ్మీ, బెల్టు ఏసుకున్నవా? ఎనకాల రింగు ఏడ ఉన్నదో పక్కోనితోని చూపించుకో" అని ఆయన తన మాటలోనే అంటే చాలు, కరీంనగర్‌వాళ్లకూ కడపవాళ్లకూ అర్థమవుతుంది. కాగితం చేతికిచ్చి చదివించకండి. విషయం నాలుగు ముక్కల్లో చెప్పి, ఆయన మాటల్లో చెప్పించి, తప్పు పోయిన చోట మాత్రం ఆపండి.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. పోర్టా క్యాబిన్‌లో ఏసీ హోరు మాత్రం పెద్ద శత్రువు. ఎడిటింగులో దాన్ని తీయబోతే గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు అవుతుంది. రికార్డు చేసే పది నిమిషాలూ ఏసీ ఆపి, కుర్చీ వెనక గోడకు రెండు దుప్పట్లు వేలాడదీస్తే చాలు. కాలరు మైకును గడ్డం కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, చొక్కా బొత్తాము రాసుకోని చోట పెట్టండి. మొదట ఇంగ్లీషులో తీసిన వీడియో అయితే అసలు గొంతును పూర్తిగా తీసేయకుండా బాగా తగ్గించి అడుగున ఉంచండి. మిషన్ల చప్పుడు, సైరను వినబడుతూ ఉంటేనే అది తమ సైటులా అనిపిస్తుంది.

సైటులో షూటింగ్ అంటే కెమెరా కన్నా ముందు కాగితాలు. రిఫైనరీ, గ్యాస్ ప్లాంటు, పోర్టు, ఎయిర్‌పోర్టు లోపల అనుమతి లేకుండా ఫోను పైకెత్తినా ఇబ్బందే. గ్యాసు ఉండే ఏరియాలో మామూలు కెమెరా, ఫోను రెండూ నిప్పురవ్వ పుట్టించే వస్తువుల కిందికే వస్తాయి కాబట్టి, గ్యాస్ టెస్టు చేయించి, హాట్ వర్క్ పర్మిట్టు (నిప్పు పుట్టే పనులకు ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే లోపలికి. దీనికి ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే బెల్టు, నిచ్చెన, స్కఫోల్డింగ్ (ఎత్తులో నిలబడి పనిచేయడానికి కట్టే పరంజా) లాంటివి ప్లాంటు బయట ట్రైనింగ్ యార్డులో తీసుకోవడం మేలు. మనుషుల అనుమతి కూడా అంతే ముఖ్యం. యూఏఈ 2021 సైబర్ నేరాల చట్టం ప్రకారం ఒకరి అనుమతి లేకుండా వాళ్ల ఫొటో, వీడియో తీయడం జైలు, భారీ జరిమానా పడే నేరం. కెమెరాలో పడే ప్రతి ఒక్కరి చేత వాళ్లకు తెలిసిన భాషలో రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. బాసు నిలబడమన్నాడు కాబట్టి నిలబడ్డవాళ్లు అనుమతి ఇచ్చినట్టు కాదు.

తెల్లవారాక మొదటి రెండు గంటల్లోనే షూటింగ్ ముగించండి. మిట్టమధ్యాహ్నం హెల్మెట్ నీడ కళ్ల మీద పడి ముఖం నల్లగా వస్తుంది, ఫోను వేడెక్కి కెమెరా తనంతట తానే ఆగిపోతుంది. కెమెరాకు తగిలించిన లైటు వాడితే జాకెట్ మీది మెరుపు పట్టీలు ఆ వెలుగును తిరిగి లెన్సులోకే కొడతాయి, మనిషి చీకటిగా మిగులుతాడు. లైటును పక్కకు జరిపితే సరిపోతుంది. ఫ్రేములో దూరంగా ఎవరైనా హెల్మెట్ పట్టీ పెట్టుకోకుండా నడిచినా సేఫ్టీ విభాగం వీడియో మొత్తాన్ని వెనక్కి పంపుతుంది. షాటు తీసిన వెంటనే వెనకనున్నవాళ్లను కూడా ఒకసారి చూసుకోండి.

బెల్టు వేసుకోవడం చూపించేటప్పుడు కెమెరా ముందు కాదు, వీపు వెనక ఉండాలి. వెనక రింగు పట్టుకుని బెల్టును ఎత్తి దులిపితే పట్టీలు చిక్కు వీడి కిందికి వేలాడతాయి. చొక్కాలా భుజాలకు వేసుకోవాలి. తొడ పట్టీల్లో అరచెయ్యి పరచి దూర్చితే దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీ పట్టీ రొమ్ము మధ్యకు రావాలి. రింగు రెండు భుజపుటెముకల నడుమ ఉందో లేదో వేసుకున్నవాళ్లకు కనబడదు, పక్కవాళ్లే చూడాలి. ఆ పక్కవాళ్ల చెయ్యి ఆ రింగును తట్టడం దగ్గరగా, నాలుగు సెకన్లు ఆపి చూపించండి. హుక్కు తలపైన తగిలించాలని ఎందుకు అంటామో లెక్క కూడా చెప్పండి: 2 మీటర్ల లాన్యార్డును కాళ్ల దగ్గర తగిలించి పడితే, తాడు పొడవు, షాక్ అబ్జార్బరు (పడినప్పుడు కుదుపు తగ్గించే భాగం) సాగే పొడవు, మనిషి ఎత్తు, కాస్త భద్రతా ఎడం కలిసి కింద 6 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. మొదటి అంతస్తులో పనిచేసేవాళ్లకు ఆ ఖాళీ ఉండదు. కారణం తెలిసినవాళ్లు సూపర్‌వైజర్ లేనప్పుడు కూడా హుక్కు పైకే వేస్తారు.

తెలుగు సబ్‌టైటిల్స్‌లో ఒత్తులు విడిపోవడం మామూలే. "స్క", "ష్ట్ర" లాంటివి ముక్కలై పక్కపక్కన వస్తే ఫాంటు చెడిందనుకుంటారు. చాలాసార్లు తప్పు సాఫ్ట్‌వేర్ సెట్టింగుది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి, గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజన్‌ను సౌత్ ఏషియన్, మిడిల్ ఈస్టర్న్ భాషలకు మార్చితే సరవుతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లే వాడండి. రెండు వరుసలు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి కాబట్టి ఇంగ్లీషుకు పెట్టే ఎడం కన్నా ఎక్కువ వదలాలి, లేదా ఒకే వరుసలో ముగించాలి. చదవలేనివాళ్లు కూడా ఉంటారు గనక సబ్‌టైటిల్ గొంతుకు తోడే తప్ప బదులు కాదు.

ఫైలు సైజుకు లెక్క తేలిక: సెకనుకు కిలోబిట్లు, సెకన్లు గుణించి 8తో, ఆ తర్వాత 1000తో భాగిస్తే ఎంబీలు. 3 నిమిషాల వీడియోను 480పీలో 600 కిలోబిట్లతో ఎంపీ4, హెచ్.264గా తీస్తే బొమ్మకు 13.5 ఎంబీ, 64 కిలోబిట్ల మోనో గొంతుకు మరో ఒకటిన్నర. అదే 720పీ, 1500 కిలోబిట్లయితే గొంతుతో కలిపి 35 ఎంబీ దాటుతుంది. ప్రీపెయిడ్ డేటా మీద బతికేవాళ్లకు ఇది పెద్ద తేడా. ఫోన్ల కోసం నిలువుగా ఒకటి, మెస్ టీవీ కోసం అడ్డంగా ఒకటి చేయండి. పాత టీవీలు హెచ్.265 (కొత్త రకం వీడియో కుదింపు) ఫైలును ఆడించవు, నల్ల తెర మాత్రమే వస్తుంది. యూఎస్‌బీ స్టిక్కు ఇచ్చేముందు ఆ టీవీలోనే పెట్టి చూడండి.

ఎప్పుడు చూపించాలి? డ్యూటీ అయ్యాక వద్దు. గది చేరి, స్నానం, వంట అయ్యేసరికి మిగిలేది ఇంటికి ఫోను చేసే వేళ. దోహాలో రాత్రి 8 అంటే కరీంనగర్‌లో 10:30, పిల్లలు నిద్రపోతారు. ఆ అరగంటను కంపెనీ తీసుకోకూడదు. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో (పని మొదలయ్యే ముందు సైటులో జరిగే చిన్న సేఫ్టీ మీటింగు) 3 నిమిషాలు, మెస్‌లో ప్లేటు కోసం క్యూలో నిలబడే చోట టీవీ, ఈ రెండూ చాలు. వాట్సాప్ గ్రూపులో పంపడం దీని తర్వాతే. పక్కన రెండు నీలి టిక్కులు పడితే మెసేజి తెరిచారని అర్థం, వీడియో చివరిదాకా చూశారని కాదు.

చూపించాక "అర్థమైందా?" అని అడగకండి, అందరూ తలూపుతారు. ముగ్గురిని పిలిచి చేసి చూపించమనండి. ఎరుపు ట్యాగు (ఎక్కకూడదనే గుర్తు) ఉన్న స్కఫోల్డింగ్ మీదికి ఫోర్‌మన్ ఎక్కమంటే ఏం చేస్తావు? నీళ్లు ఎంతసేపటికోసారి తాగుతావు? 15, 20 నిమిషాలకు ఒక కప్పు, అంటే పావు లీటరు, దాహం వేసినా వేయకున్నా. జవాబు తడబడితే తప్పు వీడియోదే, ఆ ముక్క మళ్లీ తీయాలి.

సేఫ్టీ వీడియోలకు ఉన్నంత శ్రద్ధ జీతం వీడియోకు కనబడదు. కార్మికులు మళ్లీ మళ్లీ చూసేది మాత్రం అదే. నిజం సాలరీ స్లిప్పులాంటిది ఒకటి, పేరు, నంబరు లేకుండా తెర నిండా చూపించి, వేలు పెట్టి చెప్పండి. యూఏఈలో బేసిక్ 900 దిర్హాములు అనుకుందాం. 30తో, 8తో భాగిస్తే గంటకు 3.75. ఓవర్‌టైమ్‌కు పావు వంతు కలిపితే 4.69. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే సగం కలిపి 5.63. షిఫ్టుల్లో చేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు, అదీ చెప్పండి. లెక్క తేలకపోతే క్యాంపు ఆఫీసులో ఎవరి దగ్గరికి వెళ్లాలో, అక్కడా తేలకపోతే కార్మిక శాఖ 80084 నంబరు, దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం 80046342 నంబరు చివరి తెర మీద పది సెకన్లు ఉంచండి. ఈ నంబర్లు పెట్టడానికి ఆఫీసు వెనకాడితే, ఇవి ప్రభుత్వాలు బహిరంగంగా ఇచ్చినవేనని చెప్పి పట్టుబట్టండి.

ప్రతి వీడియో మొదటి తెర మూలలో దేశం, నెల, సంవత్సరం వేయండి. నిబంధన మారిన రోజే కొత్తది పంపి, గ్రూపులో పాతదాని కిందే "ఇది చూడొద్దు" అని తెలుగులో గొంతు మెసేజి పెట్టండి. మెస్ టీవీకి పెట్టిన స్టిక్కులో పాత ఫైలు ఉండిపోతుంది. దాన్ని తీసి చెరిపే పని ఎవరిదో పేరు రాసి పెట్టుకోండి.